హంతకుడు దొరకని కేసు మీద డిటెక్టివ్ నవల, ముగింపు ఎట్టా? (1919, న్యూ ఆర్లీన్స్, జాజ్ కాలం)

కావలి_కుర్రోడు:

అందరికీ నమస్తే. నాది కావలి. పగలు ఉద్యోగం, రాత్రి పది దాటి ఇంట్లో వాళ్ళు పడుకున్నాక రాత. చిన్నప్పుడు మా వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉండేది, రోజుకి అర్ధ రూపాయి ఇచ్చి డిటెక్టివ్ నవల తెచ్చుకుని సోషల్ పుస్తకంలో దాచుకుని చదివేవాడిని. ఒక్కోసారి చివరి పేజీలు ఎవడో చింపేసి ఉండేవాడు, హంతకుడు ఎవరో తెలీక రెండు రోజులు అన్నం సహించేది కాదు. ఇప్పుడు నేను రాస్తున్న నవలకి అసలు చివరి పేజీలే లేవు, అదీ నా సమస్య.

కథ అమెరికాలో, లూసియానా రాష్ట్రం న్యూ ఆర్లీన్స్ ఊళ్ళో. తెలియని వాళ్ళ కోసం చెప్తా. 1918 మే 23న మాజియో అనే ఇటాలియన్ కిరాణా కొట్టు వాళ్ళని, భార్యాభర్తలిద్దరినీ, నిద్రలోనే చంపేశారు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మన దగ్గర శెట్టిగారి కొట్టు లాగే. వెనక తలుపుకి కింది చెక్కని ఉలితో తొలిచి లోపలికి దూరడం, చాలాసార్లు ఆ ఇంట్లో ఉన్న గొడ్డలే తీసుకోవడం, పని కానిచ్చి డబ్బు కూడా ముట్టకుండా వెళ్ళిపోవడం. ఏడాదిన్నర పాటు ఇట్టాంటివే జరిగాయి, ఎక్కువగా ఇటాలియన్ కొట్ల వాళ్ళ ఇళ్ళలో. 1919 అక్టోబర్ 27న పెపిటోన్ అనే ఆయన హత్య ఆఖరిదంటారు. ఎవరు చేశారో ఈ రోజు వరకూ తేలలేదు.

నన్ను ఈ కథలోకి లాగింది ఒక ఉత్తరం. 1919 మార్చి 16న టైమ్స్-పికయూన్ అనే ఆ ఊరి పత్రికలో అచ్చయింది. పైన ఊరి పేరు ఉండాల్సిన చోట ‘నరకం’ అని ఉంటుంది. వచ్చే మంగళవారం రాత్రి 12 గంటల 15 నిమిషాలకి నేను మీ ఊరి మీదుగా పోతా, ఏ ఇంట్లో జాజ్ బ్యాండు మోగుతూ ఉంటే ఆ ఇంటి జోలికి రాను అని దాని సారాంశం. ఇక చూడండి, ఆ రాత్రి ఊరు ఊరంతా వాయిద్యాలే. మన ఊళ్ళలో ఒకప్పుడు తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్నారు గుర్తుందా, సరిగ్గా ఆ భయమే, కాకపోతే సుద్దముక్క బదులు పియానో. ఆ రాత్రి హత్యేమీ జరగలేదు.

నేను మూడు చాప్టర్లు రాశా. మొదటి సీను ఆ మంగళవారం రాత్రి. వాన. ఉద్యోగం పోయిన పోలీసు డిటెక్టివ్ దొంగచాటు బార్‌లో కూర్చుని ఉంటాడు, మూల నుంచి శాక్సోఫోన్, వీధిలో ప్రతి ఇంట్లో రేడియోలో జాజ్, గడియారం పన్నెండుంబావు కొడుతుంది. ఇంకా, తర్వాత జాజ్‌లో పెద్ద పేరు తెచ్చుకున్న లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, అప్పటికి కుర్రతనంలో ఉన్నవాడు, అతను కూడా కథలో ఉంటే బాగుంటుందేమో అని ఒక ఆలోచన. ఇంతవరకూ బాగానే వచ్చింది. కానీ చివరికి వచ్చేసరికి ఇరుక్కుపోయా. నిజంగా దొరకని హంతకుడిని నేను కల్పించి పట్టిస్తే చరిత్ర తెలిసినవాడు నవ్వుతాడు. పట్టించకపోతే డబ్బు పెట్టి కొన్న పాఠకుడు తిడతాడు. మీరైతే ఏం చేస్తారు? తప్పులు ఉంటే అవి కూడా చెప్పండి, ఏమీ అనుకోను.


ప్లేట్ల_పిచ్చి (గూడూరు):

అన్నా, ఏమీ అనుకోనని అన్నావు కాబట్టి మొదలెడుతున్నా. నీ మొదటి సీనులో వాన తప్ప అన్నీ తప్పులే.

రేడియో తీసెయ్. అమెరికాలో కేడీకేఏ స్టేషన్ ప్రసారాలు మొదలైంది 1920 నవంబర్‌లో. 1919 మార్చిలో ఇంట్లో కూర్చుని రేడియోలో పాట వినడమనేదే లేదు. దొంగచాటు బార్ కూడా తీసెయ్, దేశమంతా మద్యనిషేధం వచ్చింది 1920 జనవరిలో, నీ మంగళవారం నాటికి బార్లు తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. శాక్సోఫోన్ జాజ్‌కి గుర్తుగా మారింది ఆ తర్వాత. అప్పటి న్యూ ఆర్లీన్స్ బ్యాండంటే ముందు వరసలో కార్నెట్, క్లారినెట్, ట్రాంబోన్. కార్నెట్ అంటే ట్రంపెట్‌కి పొట్టి తమ్ముడు అనుకో. ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా అప్పుడు వాయించింది కార్నెట్టే.

రేడియో తీసేస్తే నీ సీనుకి నష్టమేమీ లేదు, ఇంకా బలం వస్తుంది. స్విచ్ నొక్కితే పాట వచ్చే కాలం కాదు, ప్రాణం దక్కాలంటే మనుషులు కూర్చుని వాయించాలి. డబ్బున్నవాడు బ్యాండు పెట్టుకుంటాడు, కొంచెం ఉన్నవాడికి పియానో, ఇంకొకడికి గ్రామఫోన్. గ్రామఫోన్ ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలు, అంతే. మూడు నిమిషాలకొకసారి లేచి ప్లేటు తిప్పాలి, సూది మార్చాలి, కీ ఇవ్వాలి. పన్నెండుంబావుకి ప్లేటు అయిపోయి ఇంకొకటి పెట్టేలోపు ఆ నిశ్శబ్దం ఉంటుందే, నీ థ్రిల్లర్ అంతా అక్కడుంది. అప్పటికి జాజ్ ప్లేట్లు వచ్చి రెండేళ్ళే, మొదటిది 1917 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో రికార్డు చేశారు, వాయించింది న్యూ ఆర్లీన్స్ నుంచి వెళ్ళిన తెల్లవాళ్ళ బ్యాండు. అప్పట్లో మైకు లేదు, పెద్ద కొమ్ము ముందు నిలబడి వాయిస్తే ఆ కదలికతోనే మైనం మీద గీత పడేది.

ఇప్పుడు సొంత డబ్బా. మా ఇంట్లో మా తాత గ్రామఫోన్ ఉంది. దాని సౌండ్ బాక్సు విప్పితే లోపల గుండ్రంగా, పారదర్శకంగా ఒక రేకు ఉంటుంది, సూది వణుకుని శబ్దంగా మార్చేది అదే. గాజు అనుకున్నా చిన్నప్పుడు. మా నాయనమ్మ చూసి “ఓసి పిచ్చిదానా, అది కాకిబంగారం” అంది. అభ్రకం! ఆమె పెళ్ళికి ముందు సైదాపురం గనుల దగ్గర షెడ్డులో పొరలు చీల్చే పని చేసింది, ఎంత పల్చగా చీలిస్తే అంత కూలి. ఆ రోజుల్లో ప్రపంచానికి అభ్రకం ఎక్కువగా పోయింది మన దేశం నుంచే, ఒకటి బీహారు వైపు, రెండోది మన నెల్లూరు జిల్లా. ప్లేటు తయారీలో వాడే లక్క కూడా మన దేశం సరుకే. ఇది కథలో పెట్టమని చెప్పడం లేదు, ఆ ఊళ్ళో మోగిన ఫలానా గ్రామఫోన్‌లో ఉన్నది గూడూరు రేకే అని ఎవడూ నిరూపించలేడు. రాసేటప్పుడు నీకు గుర్తుంటే చాలు.

ఆర్మ్‌స్ట్రాంగ్ సంగతి: పుట్టింది 1901 ఆగస్టు, అంటే అప్పటికి పదిహేడేళ్ళు. కింగ్ ఆలివర్ అనే కార్నెట్ వాయించే ఆయన షికాగో వెళ్ళిపోయాక, కిడ్ ఓరీ అనే ఆయన నడిపే బ్యాండులో ఆ స్థానంలోకి వచ్చాడు, అంతకుముందు బొగ్గు బండి తోలాడు. అతన్ని పాత్రగా మాత్రం పెట్టకు. పేరున్నవాడిని తెచ్చి హీరోకి సాయం చేయిస్తే పాఠకుడు కథ వదిలేసి అతన్నే చూస్తాడు. గోడ అవతల ఎవడో కుర్రాడు కార్నెట్ వాయిస్తున్నాడు అని ఒక్క ముక్క రాయి, పేరు చెప్పకు. తెలిసినవాడికి అర్థమవుతుంది.


బిట్రగుంట_లోకో:

అసలు న్యూ ఆర్లీన్స్ దేనికి బాసూ, బిట్రగుంట ఉండగా. ఆవిరి ఇంజన్ల షెడ్డు, రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, గార్డులు, వాళ్ళ డాన్సులు. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు దొరలు 1840 నుంచి ఉన్నారు, మీ కావలిలోనే, ‘నేరస్థ జాతులు’ అని ప్రభుత్వం ముద్ర వేసినవాళ్ళని ఉంచడానికి వాళ్ళు నడిపిన సెటిల్‌మెంటు ఉండేది. అమెరికా నుంచి ఒక దొరసానికి చుట్టాలు పంపిన పార్సిల్‌లో ఆ పత్రిక కాగితం చుట్టి వచ్చిందనుకో, ఆ ఉత్తరం చదివినవాడు ఎవడో ఇక్కడ మొదలెట్టాడనుకో. నేనైతే అదే రాస్తా.

ఇంకోటి, ఆ ఊరి పోలీసు పెద్ద ఫ్రాంక్ మూనీ అని ఒకాయన, పోలీసు కాకముందు రైల్వే ఆఫీసరు. మా వాడే. అందుకే కేసు అంత లేటుగా నడిచింది అనకండి 😀


కావలి_కుర్రోడు:

@ప్లేట్ల_పిచ్చి చెల్లెమ్మా, మొదటి చాప్టర్ మొత్తం తీసేశా, దండం. ప్లేటు తిప్పే గ్యాప్ మాత్రం దొంగిలిస్తున్నా.

@బిట్రగుంట_లోకో అన్నా ఆలోచన బాగుంది, కానీ అది నీ నవల. ఇక్కడికి తెస్తే నేను బయటివాడిగా చూడలేను, మా మేనమామలందరూ అందులో దూరతారు. ముగింపు గురించి ఎవరూ మాట్లాడటం లేదు?


ఒంగోలు_రిటైర్డ్_హెడ్డు:

బాబూ, నేను ముప్పై నాలుగేళ్ళు ఖాకీ వేసుకున్నవాడిని. నవలలు పెద్దగా చదవను, డిటెక్టివ్ నవలలు అసలు చదవను, రెండో పేజీకే నవ్వొస్తుంది. కానీ మా మనవడు ఈ కేసు గురించి ఏదో వీడియో చూస్తుంటే నాకు పట్టుకుంది, తర్వాత దొరికినంతా చదివాను. నువ్వు మార్చి 18 రాత్రిని పట్టుకుని వేలాడుతున్నావు. ఆ రాత్రి ఏమీ జరగలేదు కదయ్యా. ఆ ఉత్తరం హంతకుడే రాశాడనడానికి కూడా ఆధారం లేదు. పత్రికకి ఆకతాయి ఉత్తరాలు మాకు మాత్రం రాలేదా? దాని మీద ఆ ఊళ్ళో ఒకాయన పాట కట్టి నొటేషను అచ్చేసి అమ్ముకున్నాడు కూడా, ఎవరి వ్యాపారం వారిది.

నువ్వు చూడాల్సింది దానికి ఎనిమిది రోజుల ముందు, మార్చి 10. నది అవతలి గట్టున గ్రెట్నా అనే చిన్న ఊరు. కోర్టిమిలియా అనే కొట్టతను, భార్య రోజీ, రెండేళ్ళ పాప. పాప చచ్చిపోయింది, భార్యాభర్తలు తలలు పగిలి ఆసుపత్రిలో. అరుపులు విని ముందు పరిగెత్తుకొచ్చింది పక్క కొట్టు ముసలాయన, జోర్డానో. ఆయనకి అరవై తొమ్మిదేళ్ళు, కొడుకు ఫ్రాంక్‌కి పద్దెనిమిది. ఈ రెండు కొట్లకీ వ్యాపారంలో పోటీ ఉంది. ఇక చెప్పేదేముంది, పోలీసుకి అంతకంటే ఏం కావాలి. రోజీ చేత వాళ్ళ పేర్లే చెప్పించారు. ఆమె మొగుడు నేను వాళ్ళని చూడలేదయ్యా అని మొత్తుకుంటూనే ఉన్నాడు. ఫ్రాంక్ ఆరడుగుల భారీ మనిషి, ఆ తలుపు చెక్క సందులోంచి ఎట్టా దూరతాడని కూడా వాదన వచ్చింది. అయినా 1919 మేలో వారం లోపే విచారణ ముగించి కొడుక్కి ఉరి, తండ్రికి యావజ్జీవం వేశారు. ఆమె మాట ఒక్కటే సాక్ష్యం.

నా సంగతి ఒకటి చెప్తాను. ఊరూ పేరూ చెప్పను. ఒకామె మీద రాత్రిపూట దాడి జరిగింది, తలకి పన్నెండు కుట్లు. మా పై ఆఫీసరు మంచం పక్కన కూర్చుని “ఎవరమ్మా?” అని అడగలేదు. “ఫలానావాడేనా?” అని అడిగాడు. మళ్ళీ అడిగాడు. ఆమెతో పొలం గట్టు తగాదా ఉన్నవాడి పేరు అది. ఐదోసారికి తల ఊపింది. నేను పక్కన ప్యాడ్ పట్టుకుని నిలబడి రాసుకున్నా. వాడు మూడు నెలలు లోపలున్నాడు. తర్వాత వేరే దొంగతనం కేసులో దొరికినవాడు ఇది కూడా నేనే చేశానని సామాను చూపించాడు. ఆ పేరు ఆమె నోట్లోంచి రాలేదు బాబూ, మేము పెట్టాం. ఆ తర్వాత ఆమె కూడా మాతో మాట్లాడలేదు, అతను సరే సరి.

అందుకే ప్రాణం మీదికొచ్చిన మనిషి మాట తీసుకోవాలంటే మేజిస్ట్రేటు రావాలి, స్పృహలో ఉందని డాక్టరు రాయాలి, పేరు మనం అందించకూడదు అని రూల్సు. రూల్సు ఉన్నాయని చెప్పడమే, పాటించేది ఎంతమంది.

నీ డిటెక్టివ్‌ని వేలిముద్రల మేధావిని చేయకు. వేలిముద్రల బ్యూరో ప్రపంచంలో మొదట పెట్టింది 1897లో మన కలకత్తాలో, అది గొప్పగానే చెప్పుకుంటాం. అమెరికాలో కూడా 1911లో ఇల్లినాయ్ పై కోర్టు ఒప్పుకుంది. కానీ ఈ కేసు వేలిముద్ర మీద తేలదు. మంచం పక్కన కూర్చున్నవాడు ఎట్టా అడిగాడు అన్న దాని మీద నడుస్తుంది. నీ హీరో అది కనిపెట్టాలి.


కావలి_కుర్రోడు:

సార్, చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా. ఒక్కటే అనుమానం. ఇది రాస్తే డిటెక్టివ్ నవల అవుతుందా? కోర్టు కథ అయిపోదా? పాఠకుడికి గొడ్డలివాడు కావాలి. నూట యాభై పేజీలు భయపెట్టి చివర్లో పక్కింటి వాళ్ళ తగాదా చెప్తే పుస్తకం విసిరి కొడతారు.


పెన్నా_గట్టు (నెల్లూరు):

విసిరి కొట్టరు తమ్ముడూ. డిటెక్టివ్ నవలలో ప్రశ్న ‘ఎవరు చంపారు’ అనే ఉండాలని ఎవరన్నారు, ‘ఎవరు అబద్ధం చెప్పించారు’ అన్నా అంతే టెన్షన్. నిజానికి ఇంకా ఎక్కువ, ఎందుకంటే లోపల ఒక కుర్రాడు ఉరికి రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు, నీ డిటెక్టివ్‌కి గడియారం ఉంది.

హెడ్డుగారూ, మీ పోస్టు చాలా బాగుంది కానీ ఒక్క చోట మీతో గొడవ. ‘రోజీ చేత చెప్పించారు’ అని ఒక్క మాటలో దాటేశారు. ఆమెని ఎక్కడ పెట్టి చెప్పించారో అది రాయకపోతే చదివేవాళ్ళకి ఆమె ఒక కుళ్ళుబోతు పక్కింటావిడ అవుతుంది. తల పగిలింది, చేతుల్లో బిడ్డ పోయింది, ఆసుపత్రి నుంచి బయటకి రాగానే ఇంటికి పంపలేదు, ముఖ్య సాక్షి అని పేరు పెట్టి గ్రెట్నా జైల్లోనే ఉంచారు. వాళ్ళ పేర్లతో కాగితం మీద సంతకం పెట్టాకే వదిలారు. నేను ఆడదాన్ని కాబట్టి అంటున్నానని అనుకోకండి, మీరు చెప్పిన పన్నెండు కుట్ల ఆమె కూడా నవలలో తల ఊపడానికి మాత్రమే వస్తే అన్యాయం.

ఇటాలియన్ల వెనక కథ కూడా తెలుసుకో తమ్ముడూ. 1890 అక్టోబర్‌లో ఆ ఊరి పోలీసు పెద్ద హెనెసీని కాల్చి చంపారు, ఇటాలియన్లే చేశారన్నారు. కోర్టులో నేరం రుజువు కాలేదు. మర్నాడే, 1891 మార్చి 14న, గుంపు జైలు మీద పడి పదకొండు మందిని చంపేసింది. అంటే నీ కథ నాటికి ఇరవై ఎనిమిదేళ్ళు. జోర్డానో వయసువాళ్ళందరికీ అది కళ్ళ ముందు జరిగినట్టే ఉంటుంది. అట్టాంటి మనుషులు పోలీసు వస్తే తలుపు తీసి కాఫీ ఇస్తారా? నీ డిటెక్టివ్ ఇటాలియన్ వీధిలో అడిగిన ప్రతి ప్రశ్నకీ సమాధానం ‘నాకు తెలీదు’ అని వస్తే అది సస్పెన్స్ కోసం కాదు, ఆ ఏడాది నుంచి వచ్చింది. మళ్ళీ వీళ్ళే 1920 నాటికి ఆ ఊరి కిరాణా కొట్లలో దాదాపు సగం నడుపుతున్నారు, అది చూసి కళ్ళు మండేవాళ్ళకి కొదవా.

అట్లాగే నీ డిటెక్టివ్ రంగు ఏమిటో మొదటి పేజీలోనే తేల్చుకో. ట్రాముల్లో తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ మధ్య అటూ ఇటూ జరిపే చెక్క పలక పెట్టే రూలు అక్కడ 1902 నుంచీ ఉంది. తెల్లవాళ్ళు ఎక్కువ ఎక్కితే పలక వెనక్కి జరుగుతుంది, కూర్చున్న నల్లవాడు లేవాలి. జాజ్ పుట్టింది ఈ పలకకి వెనక వైపున. మంగళవారం రాత్రి తెల్లవాళ్ళ ఇంట్లో ప్రాణాలు కాపాడటానికి వాయించిన బ్యాండు తిరిగి ఇంటికెళ్ళేటప్పుడు ట్రాములో ఎక్కడ కూర్చుందో రాస్తే నాలుగు పేజీల వర్ణన అక్కర్లేదు.

ఇంకో చిన్న విషయం, అవసరం లేకపోయినా చెప్తా. ఆ మంగళవారం, 1919 మార్చి 18నే, ఢిల్లీలో రౌలట్ బిల్లు పాసయింది. వకీలు లేదు, అప్పీలు లేదు అని మనవాళ్ళు తిట్టుకున్న చట్టం. మన బిట్రగుంట అన్న తన నవలలో వాడుకోవచ్చు.

అసలు విషయానికి వస్తా. ముగింపు లేదంటున్నావు, ఉంది. విచారణ అయిన తొమ్మిది నెలలకి, 1920 మొదట్లో, రోజీ తనంతట తానే పత్రికాఫీసుకి నడిచి వెళ్ళి నేను చెప్పింది అబద్ధం, వాళ్ళు కాదు అని చెప్పింది. ఏ పత్రిక? టైమ్స్-పికయూన్. నీ నరకం ఉత్తరం అచ్చేసినదే! తండ్రీ కొడుకులు 1920 డిసెంబర్‌లో బయటికొచ్చారు. ఇంతకంటే ఏం కావాలి నీకు.


ఒంగోలు_రిటైర్డ్_హెడ్డు:

అమ్మా, ఒప్పుకుంటున్నా. జైల్లో ఉంచిన సంగతి చదివి కూడా రాయలేదు. అలవాటు.

ఇంకొకటి, తప్పు చెప్పానని కోర్టు మెట్లెక్కి చెప్పిన సాక్షిని నా సర్వీసులో ఇద్దరినే చూశా. ఇద్దరినీ అందరూ తిట్టారు, మొదట చెప్పినందుకు ఒక పక్క, మార్చినందుకు ఒక పక్క. రోజీ ఆ ఆఫీసుకి వెళ్ళేటప్పుడు కూడా అంతే అయి ఉంటుంది. దారిలో ఆమెని ఒక్కదాన్నే నడిపించు బాబూ, నీ డిటెక్టివ్‌ని తోడు పంపకు.


బిట్రగుంట_లోకో:

రౌలట్ సంగతి రాసిపెట్టుకున్నా అక్కా. కావలి తమ్ముడూ, నీకంటే ముందే నాది పూర్తవుతుంది చూడు.


కావలి_కుర్రోడు:

రెండు రోజులు ఏమీ రాయలేదు, ఊరికే తిరిగా. నిన్న రాత్రి కూర్చుని ప్లాను మార్చేశా.

మంగళవారం రాత్రి మొదట్లోనే ఉంటుంది, ప్లేటు తిప్పే గ్యాప్‌తో సహా, కానీ పది పేజీల్లో అయిపోతుంది. పన్నెండుంబావు దాటుతుంది, ఎవరూ చావరు, ఊరంతా నవ్వుకుంటూ పడుకుంటారు. అదే సమయానికి ఆసుపత్రిలో రోజీ మంచం పక్కన ఒకడు కూర్చుని అడుగుతూ ఉంటాడు. గొడ్డలివాడిని నేను పట్టించను. నా డిటెక్టివ్‌కి అతని నీడ రెండుసార్లు తగులుతుంది, అంతే. డిటెక్టివ్ తెల్లవాడే, ఒకప్పుడు అట్టా పేరు అందించి కేసు గెలిచినవాడే. హెడ్డుగారూ, ఆ ప్యాడ్ పట్టుకుని నిలబడినవాడిని మీ దగ్గర నుంచి తీసుకున్నా, మీకు అభ్యంతరం అయితే మారుస్తా.

ఆఖరి సీను పత్రికాఫీసు. రోజీ ఒక్కతే. ఇక్కడ మాత్రం ఇంకా తెగడం లేదు. కౌంటర్ దగ్గర గుమాస్తా తల ఎత్తకుండా “ప్రకటనా, చావు కబురా?” అని అడుగుతాడు, ఆమె రెండూ కాదంటుంది. అక్కడ ఆపేయాలా, లేకపోతే ఆమె చెప్పేది వినిపించాలా? నాకు ఆపేయాలనే ఉంది, మా ఆవిడ మాత్రం ఆమె నోరు తెరిచి చెప్పేదాకా నేను పుస్తకం మూయను అంటోంది.


పెన్నా_గట్టు (నెల్లూరు):

మీ ఆవిడ మాట విను. అంతసేపు ఆమె నోట్లో ఇంకెవరో మాటలు పెట్టారు. ఆమె సొంతంగా చెప్పే మొదటి వాక్యం ఒక్కటైనా వినపడాలి, పొడుగ్గా వద్దు.


ఒంగోలు_రిటైర్డ్_హెడ్డు:

అభ్యంతరం లేదు. ప్యాడ్ పట్టుకున్నవాడి పేరు మాత్రం మార్చు.


ప్లేట్ల_పిచ్చి (గూడూరు):

అంతా బాగుంది కానీ అన్నా, ఆ పత్రికాఫీసు గోడకి రేడియో తగిలించకు. 1920 మొదట్లో కూడా ఇంకా రాలేదు.